మూడు ఊళ్లలో ఉడికించిన కందిపప్పు

మేడ్చల్ బస్టాండు దగ్గర నన్ను ఇప్పటికీ "పప్పు సారు" అని పిలిచేవాళ్లు ముగ్గురు నలుగురు మిగిలారు. నవ్వుతూనే పిలుస్తారు. నేను నవ్వను. ఆ పేరు ఎలా వచ్చిందో, పెట్టినవాడెవడో ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలకు తెలియాలని ఇది రాస్తున్నాను. మిమ్మల్ని ఇవాళ వేరే రాష్ట్రం వెళ్లమంటే ఫోను తీస్తారు. ఏ పేటలో అద్దె ఎంతో, బడి ఎక్కడుందో, అన్నీ అందులోనే కనిపిస్తాయి. మాకు ఒక పప్పు మూట తప్ప ఇంకేమీ లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మేడ్చల్‌లో బోరు మోటర్లకు విడిభాగాలు చేసే కంపెనీలో నేను చెకింగ్ ఇన్‌స్పెక్టర్ని. లేత్ మీద నుంచి దిగిన ముక్కకు గేజీ పెట్టి చూడడం, కొలత తప్పితే ఎర్ర రంగు పూసి పక్కన పడేయడం నా పని. ఎర్ర రంగు పూసేవాణ్ని ఎవరూ ఇష్టపడరు. క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి చివరగా వచ్చేవాళ్లు, అదీ వేరేచోట ఖాళీ లేకపోతేనే. ఆపరేటర్ తెచ్చి చేతికిచ్చిన ముక్కను నేను ముట్టేవాణ్ని కాదు. కుప్పలో చెయ్యి పెట్టి నేనే తీసుకునేవాణ్ని. వాళ్లు మంచి ముక్కను ఏరి తెస్తారని నాకు తెలుసు.

నా చేత ఎక్కువగా ఎర్ర రంగు పూయించుకున్నవాడు ఒక లేత్ ఆపరేటర్. గౌడవెల్లి మనిషి, భూములున్న కుటుంబం. బోర్లు ఎండిపోయాక బైకు వేసుకొని ఫ్యాక్టరీకి వచ్చాడు. అందరం పటేల్ అనేవాళ్లం. పని అంతంతమాత్రమే కానీ మాట బాగుండేది. అతను నవ్వితే షెడ్డు మొత్తం నవ్వేది. ముక్క పాడైనా కూడా "సారు నజర్ తాకింది" అనేవాడు, దానికీ నవ్వేవాళ్లు.

ఒక ఎండాకాలం మేనేజరు మమ్మల్నందరినీ సైకిల్ షెడ్డు కింద నిలబెట్టి మేడ్చల్ యూనిట్ మూసేస్తున్నామన్నాడు.

"మీరంతా పని తెలిసినవాళ్లు. మిమ్మల్ని వదులుకోవడం ఓనర్‌కు ఇష్టం లేదు. నాగపూర్, హోసూర్, సోలాపూర్... మూడుచోట్లా మనకు షెడ్లున్నాయి. మీ జీతానికి ఎక్కడ బతకగలరో మీరే చూసుకోండి. మీరు ఏ ఊరంటే ఆ ఊరికే మిషన్లు ఎక్కిస్తాం. కానీ అందరూ ఒక్క ఊరే చెప్పాలి. రేపు నా దగ్గరికొచ్చి ఏడవొద్దు."

ఆ చివరి మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మమ్మల్ని ఎంచుకోమన్నది గౌరవం కొద్దీ కాదు. తానే ఎంచుకున్న ఊరిని ఎవడు తిట్టగలడు?

రానివాళ్లు తమకు రావాల్సిన డబ్బు లెక్క తీసుకొని ఇంటికి పోవచ్చన్నారు. వయసు నలభై దాటినవాడికి మేడ్చల్ నుంచి దుండిగల్ దాకా ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరా పని దొరకని రోజులవి. పోదామంటే నా కష్టం ఇంకొకటి. నా భార్య అంగన్‌వాడీలో ఆయా. ఎన్నో ఏళ్లు తిరిగి సంపాదించుకున్న కొలువు. ఊరు దాటితే ఆ కొలువు పోతుంది, మళ్లీ రాదు. నా ఒక్కడి జీతంతో ముగ్గురం బతికే ఊరైతేనే ఆమెను, బిడ్డను తీసుకుపోగలను. కాకపోతే నేనొకచోట, వాళ్లొకచోట. నేను ఊరు వెతకడానికి బయలుదేరింది ఈ ఒక్క దాని కోసమే.

మూడు ఊళ్లూ చూసి రమ్మని ఇద్దరిని పంపారు. పటేల్‌ను అందరికీ ఇష్టమని పంపారు. నన్ను తప్పులు పడతానని పంపారు.

ఇంట్లో చెబితే నా భార్య కిరాయిల సంగతి అడగలేదు. లోపలికి వెళ్లి, పాత చీర ముక్కలో కందిపప్పు మూట కట్టి తెచ్చింది.

"కిరాయి గిరాయి తర్వాత. ముందుగాల గా ఊరి నీళ్లల్ల గీ పప్పు ఉడుకుతదా చూడు. మూడు ఊళ్లల్ల గీ ఒక్క పప్పే ఉడికియ్యాలె. ఆడ కొన్న పప్పు ఏసి నాకు చెప్పకు."

మా వైపు ఆడవాళ్లు ఇల్లు మారేముందు చేసే పని అది. నీళ్లు ఉప్పటి సవుడువైతే పప్పు ఎంతసేపు ఉడికినా పలుకు వదలదు. పప్పు ఉడకని నీళ్లలో సబ్బు నురగ రాదు, బట్ట తెల్లబడదు, కడుపు నిమ్మళంగా ఉండదు. గ్యాసు జల్దీ అయిపోతుంది. ఆ ఇంట్లో కాపురం ఖర్చంతా ఆ ఒక్క గిన్నెలో తెలిసిపోతుంది. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఒకే గేజీతో మూడు ముక్కలు కొలవడం లాంటిదే.

రైల్లో ఆ మూట, వత్తుల స్టౌ, గిన్నె చూసి పటేల్ పడి పడి నవ్వాడు. "సారు, మనం ఊరు సూడవోతున్నమా, హోటల్ వెట్టవోతున్నమా?"

మొదట నాగపూర్. షెడ్డు ఊరి బయట ఉంది. దాని దగ్గరి కాలనీకి నేనే నడిచి వెళ్లి, ఒక ఇంటి ముందు నల్లా కింద డబ్బా నింపుకొచ్చాను. పప్పు బాగా ఉడికింది. కిరాయి కొంచెం బరువే, కానీ గట్టిగా లాగితే ఒక జీతంతో నడుస్తుందనిపించింది. తర్వాత హోసూర్. చల్లటి గాలి, మంచి నీళ్లు. అక్కడా నేనే తెచ్చాను. కానీ ఇల్లు అడిగిన ప్రతిచోటా ఏడాది కిరాయి దగ్గర దగ్గరగా అడ్వాన్సు పెట్టమన్నారు. ఆ ఊరి మాట అక్కడే వదిలేశాం.

సోలాపూర్‌లో దిగేసరికి నాకు ఎండదెబ్బ తగిలింది. స్టేషన్ దగ్గరి లాడ్జిలో మంచం మీద నుంచి లేవలేకపోయాను. కళ్లు తెరిస్తే పైకప్పు తిరిగేది. పటేల్ ఒక్కడే షెడ్డు చూసి వస్తానని డబ్బా పట్టుకొని వెళ్లాడు. సాయంత్రానికి నీళ్లతో వచ్చాడు. లాడ్జి మిద్దె మీద స్టౌ వెలిగించి పప్పు పెట్టాడు. నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి గిన్నె మూత తీసి చూపించాడు. పప్పు వెన్నలా ఉంది. మూడు ఊళ్లలోకీ అదే మెత్తగా ఉంది.

"కాలనీ నీళ్లేనా?" అని అడిగాను. అడిగాననే సంగతి గుర్తుపెట్టుకోండి.

"కాక మరి? షెడ్డు ఎనక కాలనీ. సగం కిరాయికే ఇండ్లు సారు! మనోళ్లే, తెలుగే మాట్లాడుతున్నరు. ఇగ నాగపూర్ మాటెత్తకు."

తిరిగొచ్చాక సైకిల్ షెడ్డు కింద మళ్లీ అందరం కూడాం. పటేల్ నిలబడి చెప్పాడు. కథ చెప్పినట్టు చెప్పాడు. సగం కిరాయి, తెలుగు మాట, తెలంగాణ నుంచి ఎప్పుడో పోయి స్థిరపడ్డ నేతపనివాళ్ల వీధులు, వెన్నలా కరిగిన పప్పు. "రాత్రి బస్సెక్కితే పొద్దుగాల ఇంట్ల ఉంటం" అన్నాడు. ముఖాలన్నీ విచ్చుకున్నాయి. ఒక పెద్ద ఫిట్టర్ నా వైపు తిరిగాడు.

"సారు, నువ్వు జెప్పు. నువ్వైతే ఊకెనే పాస్ చెయ్యవు."

"పప్పు ఉడికింది. అది నిజం. కానీ నీళ్లు పటేల్ తెచ్చిండు, నేను కాలనీ చూడలేదు. నేను చూసినంతల నాగపూర్ మేలు" అన్నాను.

ఈ మాట నేను అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ రోజు అక్కడున్నవాళ్లలో ఒక్కడికి కూడా ఈ మాట గుర్తు లేదు. "పప్పు ఉడికింది" అన్నంతవరకే గుర్తుంది. ఎందుకంటే, నేను నోరు మూయకముందే పటేల్ "ఇగో, సారే పాస్ జేసిండు! ఎర్ర రంగు వడలేదు!" అని అరిచాడు. షెడ్డంతా ఒక్కటే నవ్వు. చేతులు లేచాయి. సోలాపూర్.

ఇంట్లో నా భార్య మూట విప్పి మిగిలిన పప్పు చూసుకుంది.

"నువ్వే తెచ్చినవా నీళ్లు?"

"నాకు ఎండ తాకింది. పటేల్ తెచ్చిండు. గాయన అబద్ధం చెప్పి ఏం చేసుకుంటడు?"

ఆమె మూట మళ్లీ ముడి వేసింది. "పోదాంపా మరి. ఒక్కకాడ ఉంటం" అంది. ఆ వారంలోనే అంగన్‌వాడీ కొలువుకు రాజీనామా ఇచ్చింది. ఆ చోటు కోసం కాచుకున్నవాళ్లకు మరుసటి వారమే ఇచ్చేశారు.

లారీలకు సామాను ఎక్కించిన రోజు పటేల్ వచ్చాడు. చేతిలో పెట్టె లేదు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. అందరికీ చాయ్ పోయించాడు, ఆడవాళ్లను అక్కా, చెల్లె అని పలకరించి బస్సెక్కించాడు.

"నీ సామానేది పటేల్?" అని అడిగాను.

"మా నాయిన పానం బాగలేదు సారు. ఒక్క వారం ఆగి వస్త. నాకూ ఒక ఇల్లు సూసిపెట్టు."

నేను నిజంగానే చూసిపెట్టాను. మా గోడ పక్కనే ఒక గది. ఇంటివాళ్లకు మాటిచ్చి ఆపించాను కూడా. అతను వారం తర్వాత రాలేదు. ఏ వారమూ రాలేదు. కంపెనీ నుంచి లెక్క తీసుకున్నాడని నెలాఖరుకు తెలిసింది.

సోలాపూర్‌లో మొదటి రోజు పాలు పొంగించి, నా భార్య పప్పు పెట్టింది. కుక్కర్ కూత మీద కూత వేసింది. మూత తీస్తే పసుపు నీళ్లు, అడుగున పలుకులు. మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. ఆమె గంటెతో ఒక పలుకు తీసి నా అరచేతిలో పెట్టింది. నలిపితే గింజ రెండు ముక్కలైంది కానీ మెదగలేదు. నా చేతిలో కొలత తప్పిన ముక్కలు ఎన్నో పడ్డాయి. దానంత బరువు దేనికీ లేదు.

పక్కింటి ఆమె గోడ మీది నుంచి చూస్తోంది. వాళ్ల తాతల కాలంలో మన వైపు నుంచి వెళ్లినవాళ్లు. "గీ బోరు నీళ్లల్ల పప్పు ఉడకదక్కా. తాగనీకి, వండుకోనీకి ట్యాంకర్ నీళ్లు కొంటం. ఊరు నడుమలకే మంచి నీళ్లు వస్తయి, మాకు రావు. గందుకేగా గీడ కిరాయి తక్కువ! నీకెవ్వరు జెప్పలేదా?"

నా భార్య నా వైపు చూసింది. మా వీధిలో అన్ని ఇళ్లలోనూ ఆ పూట అదే గిన్నె, అదే పలుకు. సాయంత్రానికి మగవాళ్లందరూ మా గుమ్మం ముందుకు వచ్చారు. పటేల్ ఎదురుగా లేడు కదా, నేనున్నాను.

"ఏంది సారు గిది? పప్పు ఉడికిందంటివి?"

"నీళ్లు పటేల్ తెచ్చిండని అప్పుడే జెప్పిన."

"గది మాకు ఇనవడలే. మా ముక్కలకేమో కుప్పల చెయ్యి వెట్టి నువ్వే తీస్తుంటివి. మా పెండ్లాం పిల్లల కాడికొచ్చేసరికి పటేల్ తెచ్చింది పాస్ చేస్తివా?"

ఆ ప్రశ్న అడిగినవాడు నా చేత ఎన్ని ముక్కలకు ఎర్ర రంగు పూయించుకున్నాడో నాకు తెలుసు. జ్వరంతో పడి ఉన్నవాణ్ని కాలనీ దాకా పాక్కుంటూ వెళ్లాల్సిందా? అప్పుడూ అదే అడిగాను, ఇప్పుడూ అదే అడుగుతున్నాను. ఎవడో వెనక నుంచి "పప్పు సారు" అన్నాడు. మేడ్చల్‌లో ఉండగానే పటేల్ ఆ పేరు పెట్టాడట, నా వెనక వాడుతున్నారట. నాకు తెలిసింది ఆ సాయంత్రమే.

కిరాయిలో మిగిలిందంతా ట్యాంకర్ తాగేసింది. వాడకానికి కూడా బోరు చాలక ఆడవాళ్లు ఎండలో బిందెలతో తిరిగారు. బిడ్డకు కడుపునొప్పి తగ్గలేదు. ఒక్కో కుటుంబం మెల్లగా వెనక్కి మళ్లింది. మేనేజరును ఒకసారి అడిగాను, మమ్మల్ని నాగపూర్ పంపించమని. "మీరే చెప్పారు కదండీ సోలాపూర్ అని" అన్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

బడులు తెరిచే ముందు నా భార్య బిడ్డను తీసుకొని శామీర్‌పేటలో వాళ్ల తల్లి దగ్గరికి బయలుదేరింది. బస్సు దగ్గర ఒక్క మాటే అంది. "ఒక్కకాడ ఉంటమనే గద నా కొలువిడిచిన." బస్సు కదిలింది. తర్వాత ఆమె శామీర్‌పేట వైపు ద్రాక్ష తోటల్లో కూలికి వెళ్లింది. అంగన్‌వాడీ ముందు నుంచే నడిచి వెళ్లేదట. నాకు ఈ సంగతి ఆమె చెప్పలేదు, మా అత్త చెప్పింది.

దసరా సెలవుకు వచ్చినప్పుడు నేను మొదట ఇంటికి వెళ్లలేదు. పటేల్ అక్కడ ఉంటున్నాడని విని గండిమైసమ్మ చౌరస్తాలో దిగాను. అక్కడ రోడ్డు పక్క గుడారం వేసి, రంగు జెండాలు పాతి, ప్లాట్లు అమ్ముతున్నారు. పటేల్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి ఆలింగనం చేసుకున్నాడు.

"పప్పు సారు! ఎన్నాళ్లకు! కూసో, కూసో. అరేయ్, సారుకు సల్లటి నీళ్లు తేండ్రి."

"ఆ రోజు ఏ నల్లా నీళ్లు తెచ్చినవ్?"

"ఏ రోజు?"

"సోలాపూర్‌ల. లాడ్జిల. డబ్బా."

అతను ఒక క్షణం ఆలోచించాడు. నిజంగానే మరిచిపోయాడు. అది చూస్తే నాకు ఇంకా మండింది. తర్వాత గుర్తొచ్చి, చెయ్యి తొడ మీద కొట్టి నవ్వాడు.

"ఓ అదా! ఆడ డబ్బా నింపుడు మర్సిన, గంత ఎండల మళ్ల కాలనీకెవడు వోతడే. కింద లాడ్జి నల్లా కాడ వట్టుకొచ్చిన. ఏ నీళ్లైతేంది సారు, నీళ్లు నీళ్లే అనుకున్న."

"నేను అడిగిన. కాలనీ నీళ్లేనా అని అడిగిన."

"నువ్వు పరేషాన్ల ఉంటివి, జెరముతోని. కాదంటే మళ్ల పొమ్మంటవని ఔనన్న. గంత చిన్న ముచ్చట ఇంక వట్టుకోని తిరుగుతున్నవా?"

అంత చిన్న ముచ్చట. నేను అతన్ని ఒకటే అడిగాను. తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు కదా, వాళ్లను పిలిచి, ఈ మాట వాళ్ల ముందు చెప్పమన్నాను. నీళ్లు లాడ్జివని. సారు అడిగాడని. ఆ రెండు మాటలు.

"జెప్త సారు, దానికేముంది. దావత్ చేసి మరీ జెప్త. ముందుగాల గీ లేఔట్ల ఒక ప్లాటు దీసుకో. నీకైతే తక్కువకు ఇప్పిస్త. బోర్ల నీళ్లు మస్తు తియ్యగుంటయి." అక్కడున్నవాళ్లందరూ నవ్వారు. వాళ్లు తెచ్చిన నీళ్లు నేను ముట్టలేదు.

ఆ దావత్ జరగలేదు. తర్వాత అతను పంచాయతీ రాజకీయాల్లోకి వెళ్లాడు, పెద్ద బండి కొన్నాడు, పెళ్లిళ్లలో ఎదురుపడితే నా భుజం తట్టేవాడు. అతను రమ్మన్న రోజున పని మానుకుని వచ్చి రెండుసార్లు అతని ఇంటి గేటు ముందు నిలబడ్డాను. పటేల్ సారు లేరన్నారు.

నేను సోలాపూర్‌లోనే రిటైరయ్యాను. మధ్యలో వదిలేసి రావచ్చు కదా అన్నారు. వచ్చి ఏం చెయ్యాలి, ద్రాక్ష తోటకు పోవాలా? ఒక గదిలో, ఒక గిన్నెతో, అన్నేళ్లు గడిపాను. పండుగలకు వచ్చి పోయేవాణ్ని. నేను వస్తే బిడ్డ లేచి కుర్చీ ఇచ్చేది, చుట్టాలకు ఇచ్చినట్టు. ఒక్కడి కోసం ట్యాంకర్ నీళ్లెందుకని బోరు నీళ్లతోనే వండుకున్నాను. పలుకుల పప్పే అన్నంలో కలుపుకుని నమిలేవాణ్ని. కోపంతో మొదలుపెట్టాను, తర్వాత అదే తిండి అయింది.

రిటైరై శామీర్‌పేట ఇంటికి వచ్చిన రోజు నా భార్య పప్పు వండింది. ఇప్పుడు మాకు నల్లాలో ఎక్కడి నుంచో నది నీళ్లు వస్తున్నాయి, రెండు కూతలకే పప్పు మెదిగిపోతుంది. ఆమె నా కంచంలో వేరే గిన్నెలోంచి వడ్డించింది. పలుకు పలుకుగా ఉంది.

"ఇదేంది?" అన్నాను.

"నీకు గిట్లనే అలవాటు గద. మెత్తగ గాకముందే రెండు గంటెలు దీసి వెట్టిన."

ఆమె వెక్కిరించలేదు. వెక్కిరిస్తే నాకు తెలిసేది. అన్నేళ్లు వేరే ఉన్న మనిషి ఏం తింటాడో కనుక్కుని, గుర్తుపెట్టుకుని వడ్డించింది. తన కంచంలో, బిడ్డ కంచంలో మెత్తటి పప్పు పోసుకుంది. నాకూ అదే కావాలని నోటి దాకా వచ్చింది. నేను అడగలేదు. ఆమె రోజూ అలాగే ముందు తీసి పెడుతోంది. నేను రోజూ నములుతున్నాను.